ఆల్ముట్ పారేసిన అట్లు

ఆల్ముట్ ఫార్న్‌హోల్ట్ అనే ఆవిడ సంతలో కొన్న బంగాళాదుంపల్ని ఇంటికి తెచ్చి మళ్ళీ తూస్తుంది. తక్కువొస్తే కోపం. సరిగ్గా వస్తే అనుమానం. దుంపలు తూకం చూసుకుని ఎదగవు కదా, రెండు కిలోలంటే కాస్త అటో ఇటో ఉండాలి, నిక్కచ్చిగా రెండు కిలోలే వచ్చాయంటే ఆ కాటాలో ఏదో మతలబు ఉందని ఆవిడ వాదన. ఇలాంటి మనిషితో కాపురం చెయ్యడానికి ఫోల్కర్ అనే మంచివాడు కొన్నేళ్ళు గట్టిగానే ప్రయత్నించి, చివరికి పెట్టె సర్దుకున్నాడు. "వంటింట్లో ఉన్నవాణ్ణి పట్టుకుని కూడా ఎక్కడున్నావని అడుగుతావు కదే!" అన్నాడట గుమ్మంలో. "వంటింట్లో ఉన్నానని నువ్వంటున్నావు" అన్నది ఆవిడ జవాబు.

ఈ గుణం ఆవిడకు తండ్రి నుంచి వచ్చిన ఆస్తి. ఆయన తూనికలు కొలతల శాఖలో తనిఖీ అధికారి. జర్మనీలో టోయిటోబుర్గ్ అడవి చుట్టుపక్కల ఊళ్ళలో సంత జరిగిన చోటల్లా సైకిలేసుకుని వెళ్ళేవాడు, కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని. తన సొంత రాళ్ళు ముఖమల్ గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో తీసుకెళ్ళేవాడు. మాంసం కొట్టువాడు "మా దగ్గరున్నాయిగా రాళ్ళు, అవెందుకు మోస్తారు?" అని మర్యాద చేస్తే నవ్వి ఊరుకునేవాడు. తిరుగుదారిలో కూతురితో అనేవాడు, "కొట్టువాడి కాటాని కొట్టువాడి రాయితో పరీక్షించకూడదమ్మా. రెండూ కూడబలుక్కుని అబద్ధం చెబితే నీకు నిజంలాగే వినిపిస్తుంది."

ఆ పిల్ల పెరిగి పెద్దదై, ఆ అడవి అంచునే కొండవాలు మీద కట్టిన కాంక్రీటు యూనివర్సిటీలో ఫిజిక్స్ పరిశోధకురాలైంది. అక్కడ వాళ్ళు చేసే పని చెప్పడానికి తేలిక, చెయ్యడానికి తాతలు దిగివస్తారు. పరమాణువు నడిబొడ్డున క్వార్కులనే నలుసుల్ని ఒక జిగురు పట్టి ఉంచుతుంది. విపరీతంగా వేడి చేస్తే ఆ పట్టు వదులుతుంది. లెక్కకి తేలికని వీళ్ళు తీసుకున్నది ఆ జిగురుల్లో అన్నిటికన్నా సాదా రకం. అంత వేడి పుట్టించే పొయ్యి చేతిలో లేదు కనక, కంప్యూటర్లో ఒక చదరాల వల అల్లి, దాని మీద జిగురును పరిచి, లెక్కల్లోనే వేడి చేస్తారు. వల ఎలా అల్లాలన్నది ఎవరిష్టం వాళ్ళది. ఒకరిది బరక నేత, ఒకరిది సన్న నేత. అయితే పట్టు వదిలే చోటికి దగ్గరపడేకొద్దీ నేతల్లోని తేడాలు మాసిపోయి, ఎవరి వలలో చూసినా కొన్ని సంఖ్యలు ఒకేలా రావాలి. అంతకన్నా వింత, మామూలు అయస్కాంతాన్ని కాల్చినప్పుడు దాని గుణం పోయే చోట కూడా అవే సంఖ్యలు రావాలి. దీన్ని వాళ్ళు సార్వత్రికత అంటారు. "నేత ఏదైనా గుడ్డ కాలిన వాసన ఒక్కటే" అని ప్రొఫెసర్ వెసెల్‌మన్ ప్రతి ఏడూ మొదటి క్లాసులో అనేవాడు, ప్రతి ఏడూ పిల్లలు నవ్వేవాళ్ళు.

ఈ వలలతో ఒక చిక్కుంది. లెక్క మొదలైన కొంతసేపటిదాకా వచ్చేవేవీ పనికిరావు. వలకి మొదట తనని ఎలా పరిచారో గుర్తుంటుంది. అది మర్చిపోయి వేడి పట్టేదాకా వచ్చినవన్నీ పారెయ్యాలి, పెనం కాగకముందు పోసిన అట్టును పారేసినట్టు. ఎక్కడిదాకా పారెయ్యాలన్నది మాత్రం ఎవరి కంటి అంచనా వాళ్ళది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

ఆ అంతస్తులో గురువారం మధ్యాహ్నం కాఫీకి ఒక ఆచారం ఉండేది. పెట్టింది ఆల్ముటే. గదిలో నడిమికి తిరిగే నల్లబోర్డు ఒకటుంది, రెండు వైపులా రాయొచ్చు. ఒకే సంగతిని ఇద్దరు వేరువేరు వలలతో విడివిడిగా లెక్క కట్టి, ఒకరు ఇటు, ఒకరు అటు తమ సంఖ్య రాస్తారు. ఒకరిది ఒకరు చూడకూడదు. సెక్రెటరీ లోట్టె కోట్‌మన్ అందరి ముందూ బోర్డు తిప్పుతుంది. తిప్పేదాకా సంఖ్య మాట క్యాంటీన్లో గానీ ట్రాములో గానీ ఎవరూ ఎత్తకూడదు. రెండూ కలిస్తే లోట్టె పికెర్ట్ వేసి పెడుతుంది, అంటే బంగాళాదుంప పిండిలో ఎండుద్రాక్ష కలిపిన మందపాటి అట్టు, పైన బీటుదుంప పాకం. కలవకపోతే ఆ ఇద్దరూ అందరికీ కేకు కొనాలి. కేకులే ఎక్కువసార్లు తిన్నారు ఆ అంతస్తువాళ్ళు.

బెర్లిన్ గోడ కూలిన నాలుగో ఏట, వసంతంలో ఒక గురువారం, లోట్టె బోర్డు తిప్పింది. ఆల్ముట్ వైపు సున్నా పాయింట్ ఆరు మూడు సున్నా. అటువైపు, బుడాపెస్ట్ నుంచి రెండేళ్ళ ఉద్యోగానికి వచ్చిన ఎండ్రె హొయ్దు చేతిరాతలో, సున్నా పాయింట్ ఆరు మూడు సున్నా. అయస్కాంతాల మీద పరిశోధన చేసేవాళ్ళు ఎప్పుడో కట్టిపెట్టిన సంఖ్య కూడా దాదాపు అదే.

గది గదంతా చప్పట్లు. వెసెల్‌మన్ ఎండ్రె వీపు తట్టాడు. "రెండు వలలు, ఒక అయస్కాంతం, ఒకే జవాబు! వేసవి సమావేశంలో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?" ఎండ్రె ముఖం వెలిగిపోయింది. పాపం, అతనికి కారణం ఉంది. శరదృతువుతో ఉద్యోగం అయిపోతుంది. పొడిగిస్తే భార్య జోఫినీ కూతుర్నీ తెచ్చుకోవచ్చు, పిల్లకి ఇక్కడి బడిలో చోటు కూడా అడిగి ఉంచాడు. పొడిగించాలా వద్దా అన్నది వెసెల్‌మన్ చేతిలో ఉంది, వెసెల్‌మన్ చెవి ఆల్ముట్ నోటి దగ్గర ఉంది.

ఆల్ముట్ మాత్రం అట్టు ముట్టుకోలేదు.

"ఏమైందే, ఆ ముఖమేంటి?" అంది లోట్టె. ఆవిడకీ ఆల్ముట్‌కీ పాతికేళ్ళ చనువు. "ఇద్దరిదీ ఒకటే వచ్చిందిగా?"

"అదే."

"రాకపోతే ఏడుస్తావు, వస్తే ఏడుస్తావు. నీకు సంఖ్య చూపించే కన్నా గోడకి చూపించడం నయం."

"చివరి అంకె కూడా కలిసింది లోట్టె. మా పొరపాటు హద్దులు ఎంతున్నాయో చూశావా? చివరి అంకె మూడో నాలుగో అటూ ఇటూ పడాలి. దుంపలు నిక్కచ్చిగా రెండు కిలోలు తూగవు."

"తిను, చల్లారిపోతోంది" అంది లోట్టె. మొదటి అట్టు ఎప్పటిలాగే కిటికీ గట్టున పిచ్చుకలకి పెట్టేసింది.

అనుమానం పెనుభూతం అంటారు. అది ఒకసారి లోపలికొస్తే ఇంట్లో ఉన్న సామానంతా దానికే సాక్ష్యం చెబుతుంది. అందరికీ కలిపి ఉన్న ప్రింటరు దగ్గర తన కాగితాలు పడి ఉండగా ఎండ్రె అక్కడ నిలబడటం ఆల్ముట్‌కి గుర్తొచ్చింది. తన ప్రోగ్రాం ఎలా రాసిందీ అతను ఒకటికి రెండుసార్లు అడగడం గుర్తొచ్చింది. అతను ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడన్నది కూడా నేరంగానే కనబడింది. ఉద్యోగం అవసరమైన మనిషి, చేతికందే దూరంలో జవాబు. నిప్పు లేనిదే పొగ రాదనుకుంది. ఇక్కడ అసలు పొగైనా వచ్చిందా అని మాత్రం అడగలేదు, అన్నీ అడిగే ఆ మనిషి.

తర్వాతి పందెం ఇంకో సంఖ్య మీద. పట్టు వదిలే చోటికి పైనా కిందా ఆ జిగురు ఎంతెంత ఊగుతుందో పోల్చే నిష్పత్తి అది. ఇదీ సార్వత్రికమే, కానీ అయస్కాంతం వాళ్ళే ఇంకా దీని మీద కొట్టుకుంటున్నారు. ఒకడు నాలుగున్నర అంటే ఒకడు ఐదంటాడు. అంటే చూసి రాసుకోవడానికి బయట జవాబు లేదు. ఆల్ముట్‌కి నాలుగు పాయింట్ ఏడు వచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం క్యాంటీన్లో పప్పుపులుసు రోజు. వరసలో ఎండ్రె వెనకే నిలబడి, గిన్నె అందుకుంటూ, ఏదో పరధ్యానంలో ఉన్నట్టు అంది, "ఆ నిష్పత్తి ఐదు పాయింట్ ఒకటి తేలేట్టుందండీ, చచ్చే చాకిరీ అయింది."

ఎండ్రె చేతిలో గరిటె ఆగిపోయింది. "ఫార్న్‌హోల్ట్ గారూ, బోర్డు తిప్పకముందు సంఖ్య చెప్పకూడదు కదండీ?"

"అయ్యో. నోరు జారింది. మర్చిపోండి."

"మర్చిపోయాను" అన్నాడు నవ్వుతూ. కానీ ఆ నవ్వు మధ్యలోనే ఎక్కడికో పోయింది. సాసేజి తీసుకోకుండానే వెళ్ళి కూర్చున్నాడు.

ఆల్ముట్ పులుసు మొత్తం తిని, ఇంకో రొట్టెముక్క కూడా అడిగి తిన్నది. ఉచ్చు పన్నినవాళ్ళకి ఆకలెక్కువ.

ఆ గురువారం ఎండ్రె తన లెక్క ఇంకా తేలలేదని వారం గడువు అడిగాడు. కాఫీకి రావడం మానేశాడు. "ఆ అబ్బాయి ముఖం చూశావా, పీక్కుపోయింది. ఇంట్లో ఎవరికన్నా బాగాలేదేమో" అంది లోట్టె. "లెక్క బాగాలేదేమో" అంది ఆల్ముట్.

తర్వాతి గురువారం బోర్డు తిరిగింది. ఆల్ముట్ వైపు నాలుగు పాయింట్ ఏడు. ఎండ్రె వైపు ఐదు పాయింట్ సున్నా ఆరు.

చప్పట్లు లేవు. ఎవరో చెంచా కప్పులో పెట్టిన చప్పుడు వినిపించింది. "ఒకటే గుడ్డ, రెండు వాసనలా?" అన్నాడు వెసెల్‌మన్, తమాషాగా అందామనుకుని. ఎండ్రె బోర్డు వైపు చూడటం లేదు. ఆల్ముట్ వైపు చూస్తున్నాడు, రక్తం లేని ముఖంతో. ఆవిడా కళ్ళు తిప్పుకోలేదు. దొంగకు తేలు కుట్టినట్టుందని అనుకుంది.

నడవలో వెసెల్‌మన్ ఆవిణ్ణి ఆపాడు. "ఎవరిది తప్పు?"

"ఆయన సంఖ్య ఆయనది కాదనుకుంటున్నాను."

వెసెల్‌మన్ కళ్ళజోడు తీసేశాడు. "అది చాలా పెద్దమాట ఫార్న్‌హోల్ట్ గారూ. సోమవారం ఆయన ఉద్యోగం పొడిగించాలో లేదో నేను ఆఫీసుకి చెప్పాలి. ఇలాంటి మచ్చ పడితే ఇక్కడే కాదు, ఇంకెక్కడా దొరకదు ఆయనకి."

"సోమవారం ఖాయంగా చెబుతాను" అంది.

గంట గడవకముందే ఎండ్రె ఆవిడ గది తలుపు తట్టాడు. రమ్మన్నాకే లోపలికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"క్యాంటీన్లో మీరు ఐదు పాయింట్ ఒకటి అన్నారు."

"అన్నాను."

"అది మీకు వచ్చిన సంఖ్య కాదు."

"కాదు."

"నోరు జారడమూ కాదు."

"కాదు. నా సంఖ్యలు మీ దగ్గరికి ఎలా చేరుతున్నాయో చూద్దామనుకున్నాను. చూశాను."

ఎండ్రె కుర్చీ వీపు పట్టుకున్నాడు. "నాకు మొదట నాలుగు పాయింట్ ఎనిమిది వచ్చిందండీ."

ఆల్ముట్ చేతిలోని కలం బల్ల మీద పెట్టింది.

"మీరు అది చెప్పాక నాదే తప్పనుకున్నాను. మీ లెక్క తప్పుతుందని ఈ అంతస్తులో ఎవరనుకుంటారు? తల బద్దలుకొట్టుకుని వెతికాను. పెద్ద వలకి వేడి పట్టడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుందేమో, మొదటి భాగం చాలినంత పారెయ్యలేదేమో అనిపించింది. ఇంకాస్త పారేశాను. నాలుగు పాయింట్ తొమ్మిదయింది. ఇంకాస్త పారేశాను. ఐదు దాటింది. అప్పుడు సరిపోయిందనిపించి ఆపేశాను."

"దేనితో సరిపోయింది?"

"మీతో."

"దాన్నేమంటారు?"

"దొంగతనం మాత్రం అనరు. దొంగనైతే హాయిగా ఐదు పాయింట్ ఒకటి అనే రాసేవాణ్ణి కదండీ! ఇన్నాళ్ళు తిండీ నిద్రా మానుకుని, దాని దగ్గరికి కాళ్ళీడ్చుకుంటూ నడిచి, అది కూడా చేరలేక మధ్యలో కూలబడ్డ దొంగను ఎక్కడన్నా చూశారా?"

అది నిజంలా వినిపించింది. నిజంలా వినిపించిందంటేనే ఆల్ముట్‌కి మళ్ళీ అనుమానం. "మరి మొదటిసారి? అప్పుడు నేనేమీ చెప్పలేదే. చివరి అంకెదాకా ఎలా కలిసింది?"

"అయస్కాంతం సంఖ్య తెలుసుగా. అది వచ్చేదాకా తప్పులు వెతికాను. వచ్చాక వెతకడం ఆపాను." దెప్పుతున్నట్టు కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "మీరు ఎక్కడ ఆపారు?"

"సరైన చోట."

"నేనూ అలాగే అనుకున్నాను" అన్నాడు ఎండ్రె. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "నేనొచ్చిన కొత్తలో అందరూ చెప్పారు, మీరు ఎవర్నీ నమ్మరని. జాగ్రత్తగా ఉండమన్నారు. మీరు అబద్ధం చెబుతారని మాత్రం ఎవరూ చెప్పలేదు."

అతను వెళ్ళాక ఆల్ముట్‌కి బోలెడు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీక కాసేపు కిటికీ మూసింది, తెరిచింది. ఆ కోపంతోనే కంప్యూటర్ ముందు కూర్చుని తన మొదటి లెక్కలు తీసింది, అతని నోరు మూయించాలని. చిన్న వల నుంచి పెద్ద వల దాకా ఒక్కోదానికి మొదటి భాగం ఎంత పారేసిందో వరసగా చూసింది. వల పెద్దదయ్యేకొద్దీ వేడి పట్టడానికి ఎక్కువసేపు కావాలి, ఎక్కువ పారెయ్యాలి. మొదటి రెండూ బాగానే ఉన్నాయి. మూడోదాని దగ్గర రెండోదానికన్నా తక్కువ పారేసి ఉంది. నాలుగోదాని దగ్గర ఉన్నట్టుండి అంతకు మూడింతలు.

ఎందుకు?

జ్ఞాపకం రావడానికి ఆట్టే సేపు పట్టలేదు. రాకపోతే బావుణ్ణనిపించింది. నాలుగో వలకి మొదట సున్నా పాయింట్ ఆరు ఒకటి వచ్చింది. ఇంకా వేడి పట్టినట్టు లేదనుకుంది. పారేసింది. ఆరు రెండయింది. ఇంకాస్త పారేసింది. ఆరు మూడు. ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళింది. ఆపమని ఎవరూ చెప్పలేదు. సంఖ్యే చెప్పింది. కొట్టువాడి రాయి పెట్టి కొట్టువాడి కాటాని పరీక్షించి, సరిగ్గా తూగిందని మురిసిపోయింది ఆ తనిఖీ అధికారి కూతురు.

కాదులే, నా కన్ను అంత గుడ్డిది కాదు అనుకుంది శుక్రవారమంతా. శనివారం ఇంట్లో పికెర్ట్ వేసుకుంది. మొదటి అట్టు మామూలుగానే చెత్తబుట్టలో పడింది. రెండోది ఒక పక్క తెల్లగా ఉందని పడింది. మూడోదాని అంచు చిట్లిందని పడింది. నాలుగోది పళ్ళెంలోకి వచ్చింది, బంగారురంగులో, గుండ్రంగా, అచ్చం లోట్టె వేసినట్టే. దాని పక్కన ఇంకోటి కూడా అలాంటిదే. అప్పుడు చేతిలో అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పళ్ళెంలో ఉన్నవన్నీ లోట్టె అట్లు. తన అట్లు చెత్తబుట్టలో ఉన్నాయి.

వంగి, పైన పడ్డ మూడోదాన్ని తీసి, నిలబడే తిన్నది. చల్లగా, కాస్త పచ్చిగా ఉంది. తన ముందు తనకే సిగ్గేసింది.

సోమవారం వెసెల్‌మన్ బల్ల మీద వేసవి సమావేశం ఉపన్యాసం సిద్ధంగా ఉంది. "హొయ్దు సంగతి ఏమంటారు? ఆఫీసువాళ్ళు పది గంటలకి ఫోన్ చేస్తారు."

ఒక్క మాట చాలు. ఎండ్రె వెళ్ళిపోతాడు, అతనితోపాటు ఆ ప్రశ్న కూడా బుడాపెస్ట్ వెళ్ళిపోతుంది. మీరు ఎక్కడ ఆపారని ఆవిణ్ణి ఈ అంతస్తులో ఇంకెవరూ అడగరు.

"ఉంచండి" అంది ఆల్ముట్.

"మొన్న దొంగన్నారు!"

"ఆయన సంఖ్య ఆయనది కాదన్నాను. నాదీ నాది కాదు." పారేసిన సంగతి మొత్తం చెప్పింది, క్యాంటీన్లో వేసిన ఉచ్చుతో సహా.

వెసెల్‌మన్ చాలాసేపు ఉపన్యాసం కాగితాల్ని సర్దాడు, సర్దినవాటినే మళ్ళీ. తర్వాత గొంతు తగ్గించి, "అందరూ అలాగే చేస్తారు ఫార్న్‌హోల్ట్ గారూ. నేనూ చేశాను. కుర్రతనం నుంచీ" అన్నాడు.

"మరి అందరికీ ఒకే జవాబు రావడంలో వింతేముంది సార్? వలలు వేరైనా వేసేవాళ్ళం ఒకటేగా."

"అంటే సార్వత్రికత అబద్ధమంటారా?"

"అనడం లేదు. నిజమే అయ్యుంటుంది. కానీ మనం చూశామని చెప్పడానికి లేదు. మనం చూసింది మనల్నే."

ప్రొఫెసర్‌కి ఒళ్ళు మండింది. ఉపన్యాసం పోయింది, వేసవి పోయింది, పైగా కుర్రతనం కూడా బల్ల మీదకొచ్చింది. "ఇన్నేళ్ళూ అందర్నీ వాయించారు. మీ వంతు రాగానే ఊరందరి ఇళ్ళూ సోదా చెయ్యాలంటారు, బాగానే ఉంది!" అన్నాడు. అన్నాక ఫోన్ మోగితే, ఎత్తి, "హొయ్దుని ఉంచుతున్నాం" అన్నాడు.

ఆ గురువారం బోర్డు మీద సంఖ్యలేమీ లేవు. ఆల్ముట్ అందరి ముందూ లేచి నిలబడింది. "హొయ్దు గారు నా సంఖ్యలు కాజేస్తున్నారనుకున్నాను. పట్టుకోవాలని ఆయనకి అబద్ధం చెప్పాను. ఆయన కాజెయ్యలేదు. నేను చెప్పింది నమ్మారు, అంతే. హొయ్దు గారూ, నన్ను క్షమించండి." గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, కొంతమంది తాము పారేసిన వాటి గురించి ఆలోచించుకుంటున్నారని వాళ్ళ ముఖాలే చెప్పాయి. ఎండ్రె మర్యాదగా తల వంచాడు. ఫరవాలేదని మాత్రం అనలేదు.

ఆ రోజు నుంచి ఆచారం కాస్త మారింది. ఎంత పారెయ్యాలన్నది లెక్క మొదలుపెట్టకముందే బోర్డు మీద అందరికీ కనబడేట్టు రాయాలి. తర్వాత ఆకాశం ఊడిపడ్డా మార్చకూడదు. ఆల్ముట్, ఎండ్రె ఇద్దరూ మొదటి సంఖ్యను మళ్ళీ మొదట్నుంచీ కట్టారు. ఆకులు రాలే రోజులొచ్చాయి అది తేలేసరికి. లోట్టె బోర్డు తిప్పితే ఒకవైపు సున్నా పాయింట్ ఆరు ఒకటి, ఇంకోవైపు సున్నా పాయింట్ ఆరు ఐదు. రెండింటికీ పొరపాటు హద్దులు ఇంతింత వెడల్పు. అయస్కాంతం సంఖ్య రెండు హద్దుల్లోనూ ఇమిడిపోయి హాయిగా మధ్యలో కూర్చుంది. సార్వత్రికత నిలబడింది. నిలబడటానికి దానికి వీళ్ళ సాయం ఎప్పుడూ అక్కర్లేకపోయింది.

"ఇప్పుడు అట్లా, కేకా?" అంది లోట్టె బోర్డు పట్టుకుని, ఎటూ తేలక. వెసెల్‌మన్ రెండూ అన్నాడు.

జోఫీ, పాపా వచ్చేశారు. ఎండ్రె ఆ అంతస్తులో అందరికన్నా నమ్మదగ్గ లెక్కలు చేసేవాడయ్యాడు. ఏ సంఖ్యా మొదటిసారి ఒప్పుకోడు. ఎవరి మాటా తీసుకోడు. ఆల్ముట్ ప్రోగ్రాంలో రెండు తప్పులు పట్టాడు, మర్యాదగా, రుజువుతో సహా. ఆవిడ జీవితమంతా వెతుక్కున్నది ఇలాంటి తోటివాణ్ణే.

నవంబరులో ఒక సాయంత్రం ఇద్దరూ ఒకేసారి ఇంటికి బయల్దేరారు. ఎండ్రె కోటు తొడుక్కుంటున్నాడు. కొండమీద పొద్దుటి నుంచీ ఒకటే ముసురు.

"వాన తగ్గిందండీ, గొడుగక్కర్లేదు" అంది ఆల్ముట్, గుమ్మంలోంచి.

"అలాగా" అన్నాడు ఎండ్రె నవ్వుతూ. అని, నడవ చివరికి నడిచి, కిటికీ తెరిచి, చెయ్యి బయటికి చాపాడు. అరచేతిని కాసేపు అలాగే ఉంచి, లోపలికి తీసి చూసుకున్నాడు. పొడిగా ఉంది. అప్పుడు గొడుగు మూలన పెట్టి వచ్చాడు.

ఆల్ముట్‌కి ఏడుపొచ్చినంత పనైంది. తండ్రి బతికుంటే ఆ కుర్రాడి భుజం తట్టేవాడు. "పదండి, ట్రాము వెళ్ళిపోతుంది" అంది. అతను గడియారం చూసుకుని, అప్పుడు నడిచాడు.